బ్యాటరీలో ఏముంది? తీగలో ఏది పారుతుంది?



చండ్రుగొండ చుట్టుపక్కల ఏ ఇంట్లో వెతికినా అయిదారు బ్యాటరీలు కనిపిస్తాయి. గోడ గడియారంలో ఒక చిన్న సెల్లు, రాత్రి చేనుకు పోయేవారి చేతిలో టార్చిలైటు, జేబులో సెల్‌ఫోను, వాకిట్లో మోటారు సైకిలు, మూలన పత్తికీ మిరపకూ మందు కొట్టే బ్యాటరీ పంపు. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు వైపు సింగరేణి భూగర్భ గనుల్లో దిగే కార్మికుడి టోపీకి ఉండే లైటు కూడా బ్యాటరీదే. రంజాన్ నెలలో సహరీ వేళ కరెంటు పోయినా మసీదు మైకు పలుకుతుందంటే అక్కడా ఒక బ్యాటరీ ఉన్నట్టే.

ఇన్ని బ్యాటరీల మధ్య పెరిగిన పిల్లలను "బ్యాటరీలో ఏముంది?" అని మేము తరగతిలో అడిగితే, ఎక్కువ మంది "కరెంటు ఉంది సార్" అంటారు. "కరెంటు అయిపోతే?" అంటే "పారేస్తాం" అంటారు. ఈ జవాబు సహజమే గాని సరైనది కాదు. సరైన జవాబు తెలుసుకోవడం పదో తరగతి మార్కుల కోసం మాత్రమే కాదు. అడవి అంచున ఉన్న మన ఊళ్లలో అది ప్రాణాలు కాపాడే జ్ఞానం. అది ఎలాగో వ్యాసం చివరి భాగంలో చెబుతాం. ముందు సెల్లు విప్పి చూద్దాం.

సెల్లు లోపల

టార్చిలో వేసే మామూలు సెల్లు బయటి డబ్బా జింకు లోహంతో చేసింది. అదే ఋణ ధ్రువం. నడుమ నల్లని కర్బన కడ్డీ ఉంటుంది. దాని తలమీది ఇత్తడి రంగు టోపీ ధన ధ్రువం. కడ్డీ చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ అనే నల్లటి పొడి దట్టించి ఉంటుంది. జింకుకూ ఈ పొడికీ మధ్య అమ్మోనియం క్లోరైడ్ లేదా జింకు క్లోరైడ్ కలిపిన తడి ముద్ద ఉంటుంది. పేరుకు ఇది పొడి సెల్లు, కాని లోపల ఆ తడి లేకపోతే పనిచేయదు.

జింకుకు తన ఎలక్ట్రాన్లను వదులుకునే గుణం ఎక్కువ. మాంగనీస్ డయాక్సైడ్‌కు ఎలక్ట్రాన్లను తీసుకునే గుణం ఉంది. ఒకరు ఇచ్చేవారు, ఒకరు పుచ్చుకునేవారు. అయితే లోపలి తడి ముద్ద ఎలక్ట్రాన్లను నేరుగా దాటనివ్వదు, అయాన్లను మాత్రమే కదలనిస్తుంది. కాబట్టి ఎలక్ట్రాన్లు జింకు దగ్గర పోగుపడి, అవతలి ధ్రువానికి చేరడానికి బయటి దారి కోసం వేచి ఉంటాయి. మనం తీగతో, బల్బుతో ఆ బయటి దారి చూపించగానే కదులుతాయి. దారి మూసేస్తే ఆగిపోతాయి. టార్చి స్విచ్ చేసే పని ఇంతే.

కాబట్టి సెల్లులో నిల్వ ఉన్నది కరెంటు కాదు, రసాయన శక్తి. కరెంటు అనేది వలయం పూర్తయినప్పుడు మాత్రమే జరిగే ఒక ప్రవాహం. బావిలో నీరు ఉంటుంది గాని, సెల్లులో కరెంటు ఉండదు.

ఈ సంగతిని లోకానికి మొదట చూపించినవాడు ఇటలీ దేశస్థుడు అలెస్సాండ్రో వోల్టా. జింకు బిళ్ల, వెండి బిళ్ల, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క, ఇలా ఒకదానిపై ఒకటి పేర్చి 1800లో తొలి బ్యాటరీ తయారు చేశాడు. మనం నేడు వాడే "వోల్టు" ఆయన పేరే. 1866లో ఫ్రాన్సుకు చెందిన లెక్లాంషే జింకు, మాంగనీస్ డయాక్సైడ్‌లతో సెల్లు చేశాడు. మన టార్చిసెల్లు ఆ వంశానిదే.

తోసే బలం, పారే ప్రవాహం

వోల్టు, ఆంపియర్ అనే రెండు మాటలను పిల్లలు కలిపేసుకుంటారు. పొలం మోటారుతో పోల్చి చూద్దాం. మోటారు నీటిని తయారు చేయదు, తోస్తుంది. ఎంత బలంగా తోస్తుందో అది వోల్టేజి. పైపులో సెకనుకు ఎంత నీరు పోతుందో అది కరెంటు, దాని కొలత ఆంపియర్. పైపు సన్నగా ఉంటే నీరు తక్కువ పోయినట్టే, వలయంలో అడ్డు ఎక్కువైతే కరెంటు తగ్గుతుంది. ఆ అడ్డే నిరోధం, దాని కొలత ఓం.

ఈ మూడింటి లెక్కను జర్మనీలో జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించాడు. వోల్టులను ఓంలతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మూడు సెల్లుల టార్చి తీసుకుందాం. ఒక్కో సెల్లు 1.5 వోల్టులు. ఒకదాని తల మరొకదాని అడుగును తాకేలా వరుసగా వేస్తాం కాబట్టి ఒకరి వెనుక ఒకరు నిలబడి తోసినట్టు బలం కలుస్తుంది, మొత్తం 4.5 వోల్టులు. వెలుగుతున్న బల్బు నిరోధం 15 ఓంలు అనుకుంటే, 4.5ను 15తో భాగించగా 0.3 ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఒక సెల్లును పొరపాటున తిరగేసి వేస్తే? ఇద్దరు ముందుకు, ఒకరు వెనక్కు తోసినట్టు. మిగిలేది 1.5 వోల్టులే. బల్బు మసకగా ఎర్రబడుతుంది, లేదా వెలగదు.

సెల్లులను వరుసగా కాకుండా పక్కపక్కన పెట్టి, తలలన్నీ ఒక తీగకు, అడుగులన్నీ మరో తీగకు కలిపితే అది సమాంతర సంధానం. అప్పుడు వోల్టేజి పెరగదు, కాని భారాన్ని అందరూ పంచుకుంటారు కాబట్టి ఎక్కువ సేపు నడుస్తాయి. వోల్టేజి కావాలంటే వరుసగా, ఎక్కువ కాలం కావాలంటే పక్కపక్కన. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఇన్వర్టరుకు బ్యాటరీలు ఎలా కలిపారో మీరే చూసి చెప్పగలరు.

మూడు అపోహలు

మొదటిది, బల్బు కరెంటును తినేస్తుందని. ఇది తప్పు. బల్బుకు ముందు అమ్మీటరు పెట్టినా, తరువాత పెట్టినా అదే 0.3 చూపుతుంది. వెళ్లిన ఎలక్ట్రాన్లు అన్నీ తిరిగి వస్తాయి. ఖర్చయ్యేది అవి మోసుకొచ్చిన శక్తి మాత్రమే. అది బల్బు దగ్గర వెలుగుగా, వేడిగా మారుతుంది. మరమీద పడిన కాలువ నీరు చక్రాన్ని తిప్పి అవతలికి పోతుంది, మర నీటిని తాగదు కదా.

రెండవది, ఎలక్ట్రాన్లు తీగలో మెరుపు వేగంతో పరుగెడతాయని. అర చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగలో 0.3 ఆంపియర్లు పారుతుంటే ఎలక్ట్రాన్లు సగటున ముందుకు జరిగేది గంటకు సుమారు 16 సెంటీమీటర్లే. జానెడు కూడా కాదు. మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి. నీటితో నిండి ఉన్న పైపులో ఇటు తోయగానే అటు నీరు వచ్చినట్టు, వలయమంతటా దాదాపు ఒకేసారి కదలిక మొదలవుతుంది. కరెంటు సెల్లులోంచి బయలుదేరి బల్బును చేరేదాకా మనం కాచుకోనక్కరలేదు.

మూడవది, దిశ గురించి. పుస్తకంలో కరెంటు ధన ధ్రువం నుంచి ఋణ ధ్రువానికి పోతుందని బాణం గీస్తారు. ఎలక్ట్రాన్లు మాత్రం తీగలో ఋణ ధ్రువం నుంచి ధన ధ్రువానికి పోతాయి. ధన, ఋణ అనే పేర్లు ముందు పెట్టారు, 1897లో గాని జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొనలేదు. పాత బాణాన్నే లోకం కొనసాగించింది. పరీక్షలో కరెంటు దిశ అడిగితే పుస్తకం బాణమే రాయండి.

సెల్లు ముసలిదైతే

వాడగా వాడగా జింకు కరుగుతుంది, పొడి తన పుచ్చుకునే గుణం కోల్పోతుంది, తడి ఆరుతుంది. అప్పుడు సెల్లు లోపలే అడ్డు పెరుగుతుంది. దీన్ని అంతర్నిరోధం అంటారు. పాత సెల్లుకు మీటరు పెడితే 1.3 వోల్టులు చూపినా, టార్చిలో వేస్తే బల్బు వెలగకపోవడానికి కారణం ఇదే. టార్చికి పనికిరాని సెల్లు గోడ గడియారంలో ఇంకా కొన్నాళ్లు నడుస్తుంది. గడియారానికి కావలసిన కరెంటు చాలా కొద్ది కాబట్టి.

ఇంకో ప్రశ్న. మోటారు సైకిలు బ్యాటరీ 12 వోల్టులు. ఎనిమిది పెన్సిలు సెల్లులు వరుసగా పెట్టినా 12 వోల్టులే. వాటితో బండి స్టార్టవుతుందా? కాదు. ఒక్కో సెల్లు అంతర్నిరోధం పావు ఓం అనుకుంటే ఎనిమిదింటికి 2 ఓంలు. బయట ఏ అడ్డూ లేకున్నా 12ను 2తో భాగిస్తే 6 ఆంపియర్లు దాటదు. స్టార్టరు మోటారుకు పదుల ఆంపియర్లు కావాలి. సీసం, ఆమ్లం బ్యాటరీకి అంతర్నిరోధం చాలా తక్కువ, అందుకే అది ఇవ్వగలదు. అందుకే దాని రెండు ధ్రువాల మధ్య స్పానరు అడ్డం పడితే స్పానరు ఎర్రగా కాలుతుంది. అదే షార్ట్ సర్క్యూట్, అంటే అడ్డు లేని దొంగదారి.

మళ్లీ నింపే బ్యాటరీలు

సీసం, ఆమ్లం బ్యాటరీని ఫ్రాన్సులో ప్లాంటే 1859లో తయారు చేశాడు. ఒక పలక సీసం, ఇంకోటి సీసపు డయాక్సైడ్, మధ్య సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఒక్కో అర సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఆరు అరలు వరుసగా కలిస్తే 12 వోల్టులు. వాడినప్పుడు రెండు పలకల మీదా సీసపు సల్ఫేట్ చేరుతుంది. బయటి నుంచి కరెంటును ఎదురు దిశలో తోస్తే ఆ చర్య వెనక్కు మళ్లుతుంది. ఇదే ఛార్జింగ్. బ్యాటరీలో కరెంటు నింపడం కాదు, రసాయనాలను మళ్లీ మొదటి స్థితికి తేవడం.

గని కార్మికుడి టోపీలైటుకు చాలాకాలం ఇలాంటివే రెండు అరలు కలిసిన 4 వోల్టుల బ్యాటరీని నడుముకు కట్టుకునేవారు. ఇప్పుడు తేలికైన లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. సెల్‌ఫోనులో ఉన్నదీ అదే రకం. దాని రూపకల్పనకు గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

బ్యాటరీ పంపు మీద "12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్" అని రాసి ఉంటుంది. మోటారు 2 ఆంపియర్లు తీసుకుంటే 8ని 2తో భాగించి 4 గంటలు అని లెక్క. నిజానికి కొంత తక్కువే వస్తుంది. బ్యాటరీ పాతబడిన కొద్దీ ఇంకా తగ్గుతుంది. ఇక ఛార్జి పెట్టేటప్పుడు సీసం బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు రావచ్చు. గాలి ఆడే చోట పెట్టాలి, దగ్గర నిప్పు ఉండకూడదు.

ఇంట్లో చేసి చూడండి

నాలుగు చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో చిక్కటి చింతపండు రసం పోయండి. ఒక్కోదాంట్లో ఒక రాగి తీగముక్క, ఒక జింకు పూత పూసిన రేకు మేకు ఒకదానికొకటి తగలకుండా ముంచండి. మొదటి కప్పు మేకును రెండో కప్పు రాగికి, రెండో దాని మేకును మూడో దాని రాగికి, ఇలా తీగలతో కలుపుతూ పోండి. మిగిలిన రెండు కొసలకు ఎర్ర ఎల్.ఇ.డి. కలపండి. పొడవు కాలు రాగి వైపు ఉండాలి. గది చీకటి చేస్తే సన్నని వెలుగు కనిపిస్తుంది. ఒక్కో కప్పు దాదాపు 0.9 వోల్టులు ఇస్తుంది. ఎల్.ఇ.డి. బదులు టార్చిబల్బు పెడితే వెలగదు. ఎందుకో పైన చెప్పిన అంతర్నిరోధం మాట గుర్తు తెచ్చుకుని మీరే చెప్పండి. ప్రయోగం అయ్యాక ఆ రసం పారబోయాలి, కూరలో వేయకూడదు.

ఒక్క తీగే కదా అనుకుంటే

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు వద్దాం. అడవి పందులు పంట మీద పడుతున్నాయని కొందరు చేను చుట్టూ బైండింగ్ తీగ చుట్టి, దాన్ని కరెంటు లైనుకు తగిలిస్తున్నారు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి పోయినవారు, పశువులను వెతుక్కుంటూ పోయినవారు, కొన్నిసార్లు తీగ కట్టిన రైతే దానికి బలైన వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పిల్లలు అడుగుతారు: "వలయం పూర్తి కావాలంటే రెండు తీగలు కావాలి కదా సార్, అక్కడ ఉన్నది ఒక్కటే, మరి షాక్ ఎలా కొడుతుంది?"

చాలా మంచి ప్రశ్న. టార్చి సెల్లుకు నేలతో సంబంధం లేదు, దాని వలయం దాని రెండు ధ్రువాల మధ్యే. కాని మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్ తీగను భూమిలోకి పాతి ఉంచుతారు. అంటే ఆ వలయానికి రెండో తీగ మన కాళ్ల కింది నేలే. తీగను తాకిన మనిషి శరీరం ఆ వలయంలో బల్బు ఉండాల్సిన చోట నిలబడుతుంది.

ఓమ్ లెక్కే ఇక్కడా చేద్దాం. పొడి చేతులతో 1.5 వోల్టుల సెల్లును పట్టుకుంటే శరీర నిరోధం వేల ఓంలలో ఉంటుంది కాబట్టి మనకు తెలియనంత చిన్న కరెంటు పోతుంది. చెమటతో, తడి మట్టిలో వట్టి కాళ్లతో ఉన్నప్పుడు ఆ నిరోధం సుమారు 1000 ఓంలకు పడిపోవచ్చు. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు. మన టార్చిబల్బు వెలగడానికి కావలసిన దానికన్నా తక్కువే. కాని గుండెకు ప్రమాదం 0.03 ఆంపియర్ల దగ్గరే మొదలవుతుంది. ఇళ్లలో ప్రాణరక్షణకు పెట్టే బ్రేకర్లు ఆ అంకె దగ్గర కరెంటు కోసేలా తయారు చేస్తారు. చేను తీగకు అలాంటి బ్రేకరు ఏదీ ఉండదు. పైగా అడవి జంతువులను ఇలా చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పంట కాపాడుకోవాలంటే సౌర కంచె ఉంది. అందులోనూ ఉన్నది 12 వోల్టుల బ్యాటరీయే. ఎనర్జైజర్ అనే పరికరం దాని శక్తిని ఎక్కువ వోల్టేజి గల చిన్న దెబ్బలుగా మారుస్తుంది. దెబ్బ సెకనులో వెయ్యో వంతుకు మించని సమయం ఉండి ఆగిపోతుంది, దాదాపు సెకనుకు ఒకసారి వస్తుంది. జంతువు బెదిరి వెనక్కు పోతుంది, చావదు. లైను కరెంటు అలా ఆగదు, పట్టుకున్న చేయి వదలదు. రెండింటినీ "కరెంటు కంచె" అని ఒకే పేరుతో పిలవడమే ప్రమాదం. ఎనర్జైజర్ లేకుండా లైను నుంచి కంచెకు తీగ లాగితే అది కంచె కాదు, ఉరి.

ఎవరైనా కరెంటు తీగకు అంటుకుని ఉంటే చేత్తో లాగవద్దు. మీరూ అదే వలయంలో చేరతారు. ముందు కరెంటు ఆపాలి, 1912కు ఫోను చేసి లైను ఆపించాలి. తెగిపడిన తీగ దగ్గరికి ఎవరినీ పోనివ్వవద్దు.

తల్లులకు ఒక మాట

వలయం మనిషి గొంతులో కూడా ఏర్పడుతుంది. ఆటబొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీని పసిపిల్లలు మింగితే, అది అన్నవాహికలో చిక్కుకుని లాలాజలం గుండా కరెంటు పారుతుంది. ఋణ ధ్రువం దగ్గర క్షారం తయారై రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. అరటిపండు తినిపిస్తే దిగిపోతుందని ఇంట్లో ఉంచకండి, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాత సెల్లులను పొయ్యిలో వేయకండి, పేలవచ్చు. పాత సీసం బ్యాటరీని పగలగొట్టి సీసం కరిగించే పని ఎవరి ఇంట్లోనూ జరగకూడదు. ఆ పొగ, ఆ దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలోనే ఇవ్వండి.

విద్యార్థులకు ప్రశ్నలు

1. 12 వోల్టుల బ్యాటరీకి 6 ఓంల బల్బు కలిపితే కరెంటు ఎంత?
2. నాలుగు 1.5 వోల్టుల సెల్లులలో ఒకటి తిరగబడితే మొత్తం వోల్టేజి ఎంత?
3. తీగ మీద కూర్చున్న పిట్టకు షాక్ ఎందుకు కొట్టదు? అదే తీగను నేల మీద నిలబడి తాకిన మనిషికి ఎందుకు కొడుతుంది?

మొదటి రెండింటికి జవాబులు 2 ఆంపియర్లు, 3 వోల్టులు. మూడోదానికి జవాబు మేము రాయడం లేదు. పిల్లలు ఈ సాయంత్రం ఇంట్లో అబ్బాజాన్‌కో, నానాకో, పక్క చేను బాబాయికో బొమ్మ గీసి వివరించాలి. ఆ బొమ్మలో నేలను కూడా ఒక తీగగా గీస్తే, పాఠం అర్థమైనట్టే.